తొండూరు నుంచి గుమ్మం దాకా

ప్రొద్దుటూరు,
18 నవంబర్ 2024.

మామకు, రుక్సానా సలాములు.

మీ ఉత్తరం అంది పది రోజులైంది. జవాబు రాలేదని ఈపాటికి పోస్ట్‌మ్యాన్‌ను నాలుగుసార్లు నిలదీసి ఉంటారు. ఆయన తప్పేమీ లేదు. అల్ఫియాకు రక్తం ఎక్కించే వారం అది. ఈసారి దాని గ్రూపు రక్తం ఎక్కడా లేదన్నారు. మూడు రోజులు తిరిగాం. బిడ్డ పెదవులు తెల్లగా పాలిపోయి, ఆసుపత్రి మెట్లు ఎక్కలేక నా భుజం మీద తల వాల్చేసింది. తొమ్మిదేళ్ల పిల్ల మామా, ఎత్తుకుంటే ఐదేళ్ల బరువు కూడా లేదు. చివరికి సునీల్ బడికి సెలవు పెట్టి జమ్మలమడుగు నుంచి వచ్చి ఇచ్చి పోయాడు. సునీల్ మీకు తెలుసు కదా, రూతమ్మ గారి కొడుకు, బడిలో ఆటల సారు. మీ కొడుకుతో కలిసి మీ ఇంట్లో అన్నం తిన్నవాడే.

ఆ మూడు రోజుల తిరుగుడులోనే మీ కొడుక్కి ఒక ఆలోచన పుట్టింది. ఆయన, సునీల్, బట్టల అంగడి ఫయాజ్, ముగ్గురూ డిసెంబర్ నాలుగున సైకిళ్లెక్కి జిల్లా చుట్టి వస్తారట. ఇక్కడి నుంచి ఖాజీపేట, కడప, వీరపునాయునిపల్లె, పులివెందుల, తొండూరు, జమ్మలమడుగు, మళ్లీ ప్రొద్దుటూరు. మధ్యలో పల్లెలన్నీ కలుపుకుంటే రెండు వందల యాభై కిలోమీటర్లు. ఐదు రోజులు. ఊరూరా ఆగి అల్ఫియాకున్న ఈ తలసీమియా జబ్బంటే ఏమిటో చెబుతారు. డబ్బులు అడగరు. రక్తదాథల పుస్తకం ఒకటి తిప్పుతారు. ఏడాదికి రెండుసార్లు రక్తం ఇస్తామనే వాళ్లు అందులో పేరూ, గ్రూపూ, ఫోను నంబరూ రాయాలి. ఆ పుస్తకం నిండితే ఏ తల్లీ నాలాగా తిరగాల్సిన పని ఉండదని ఆయన ఆశ.

ఫయాజ్‌కు గేర్ల సైకిలు ఉంది. మీ కొడుకు మాత్రం తను పదో తరగతి పాసైనప్పుడు మీరు కొనిచ్చిన సైకిలునే అటక మీద నుంచి దించాడు. గొలుసు మార్చి, టైర్లు మార్చి, మడ్‌గార్డుకు రంగు వేశాడు. ఈ సైకిలు ఎవరు కొనిచ్చారని అల్ఫియా అడిగితే ‘మీ తాత’ అని చెప్పాడు. ఆ మాట మీకు రాయాలనే ఇంత సోది రాశాను.

పులివెందుల మీదుగా పోతారు మామా. మీరిద్దరూ ముఖాలు చూసుకుని రెండేళ్లయింది. ఒక్క మాట రాయండి.

మీ చెల్లెలి కూతురు, మీ కోడలు,
రుక్సానా.


పులివెందుల,
23 నవంబర్ 2024.

అమ్మా రుక్సానా,

ముందు తప్పుల సంగతి. దాతలో ‘త’కు ఒత్తు అక్కర్లేదు. ఇచ్చేవాడి మీద అదనపు బరువెందుకు? నా దగ్గర పదో తరగతి దాకా తెలుగు చదివిన పిల్లవు. మిగతా ఉత్తరం బాగుంది. అల్ఫియా సంగతి చదివిన చోట కాగితం పక్కన పెట్టి కాసేపు వీధిలో తిరిగొచ్చాను.

ఇక సైకిళ్ల సంగతి. నలభై దాటినవాడు, కరెంటు పని చేసుకుని బతికేవాడు, ఐదు రోజులు పని మానుకుని బనీను మీద జబ్బు పేరు అచ్చు వేయించుకుని ఊరూరా తిరుగుతాడా? మన ఇంటి బిడ్డ జబ్బును బ్యానరు కట్టి చాటుతాడా? రేపు ఆ పిల్లను ఎవరైనా వేలు పెట్టి చూపిస్తే వాడేం చేస్తాడు? నాకు నచ్చలేదు. నచ్చలేదని రాయడానికి నాకు హక్కుందో లేదో కూడా తెలియదు.

రెండేళ్లని నువ్వు రాశావు. రెండేళ్ల రెండు నెలలు. వాడు మీ ఇద్దరి రక్త పరీక్షల కాగితాలతో డాక్టరు దగ్గర నుంచి నేరుగా నా ఇంటికొచ్చి, నా కుర్చీ ముందు నిలబడి ‘నీ వల్లనే’ అన్నాడు. నా చెవులు పోయి పదకొండేళ్లయినా పెదవులు చదవడంలో నేను పొరబడను. ముప్పై నాలుగేళ్లు తెలుగు పండితుడిగా ఏ అక్షరం నోట్లో ఎక్కడ పుడుతుందో పిల్లలకు చెప్పి చెప్పి, ఎదుటివాడి నోరు చూస్తే చాలు నాకు అక్షరాలు కనిపిస్తాయి. అందుకే చెవులు పోయాక నాతో ఉర్దూ మాని తెలుగులోనే మాట్లాడమన్నాను. వాడు మాట్లాడాడు. చూశాను.

చెల్లెలి కూతుర్ని కొడుక్కి చేసుకోవడం నేరమని నాకు ఆనాడు ఎవరూ చెప్పలేదు. నీలాంటి పిల్లను పరాయి ఇంటికి పంపడం ఇష్టం లేక చేశాను. నా వల్లనే బిడ్డకు ఈ గతి పట్టిందని వాడనుకుంటే, సరే, అలాగే అనుకోనీ. నా గుమ్మం మాత్రం వాడు తొక్కనక్కర్లేదు అన్నాను. వాడు తొక్కలేదు. మాట మీద నిలబడే గుణం నాదే వచ్చింది.

పులివెందులకు ఏ రోజు వస్తారో రాయలేదు. ఊరికే అడుగుతున్నాను.

మామ,
కమాల్ బాషా.


ప్రొద్దుటూరు,
27 నవంబర్ 2024.

మామకు,

దాత దాత దాత. పదిసార్లు రాయమంటారా?

మీ ఉత్తరం చదివి వంటింట్లో కూలబడ్డాను. ఆ రోజు మీ అబ్బాయి ఏమన్నాడో నేను విన్నాను మామా. ఆయన వెనకే, అల్ఫియాను ఎత్తుకుని తలుపు దగ్గర నిలబడి ఉన్నాను. ఆయనన్నది ‘మన వల్లనే’ అని. డాక్టరు చెప్పింది అదే కదా. ఆయన రక్తంలో ఉన్న సగం లోపం, నా రక్తంలో ఉన్న సగం లోపం బిడ్డలో కలిశాయని. ఒకే ఇంటి రక్తం కనుక ఇద్దరిలోనూ ఉందని. దుఃఖం పంచుకుందామని మీ దగ్గరికొచ్చాడు. మీరు లేచి తలుపు చూపించారు. ఆ మాట అనడమే మీకు కోపం తెప్పించిందని ఇన్నాళ్లూ మేమనుకున్నాం. మీరు చూసింది వేరే మాటని ఇప్పుడే తెలిసింది.

మీ ఉత్తరం ఆయనకు చూపించాను. చదివి సైకిలు దగ్గరికి పోయి తుడిచిందే తుడిచాడు. పిలిస్తే పోతావా అని అడిగాను.

“పిలిస్తే యాడికైనా పోతా. పిలవకుంటే ఎట్ల పోతా? ఆ గుమ్మం తొక్కొద్దని ఆయప్పే కదా అనింది” అన్నాడు.

బ్యానరు మీద బిడ్డ పేరు లేదు. బనీను మీద జబ్బు పేరూ లేదు. ‘రెండుసార్లు ఇవ్వండి’ అని మాత్రం ఉంది. సగం మంది అది ఓట్ల గురించి అనుకుంటారని ఫయాజ్ నవ్విస్తున్నాడు. పులివెందులకు డిసెంబర్ ఏడు, శనివారం, మధ్యాహ్నం పన్నెండుకు వస్తారు. ఊరికే చెబుతున్నాను.

రుక్సానా.


పులివెందుల,
1 డిసెంబర్ 2024.

అమ్మా రుక్సానా,

‘మ’ ఓష్ఠ్యం. రెండు పెదవులు కలవకుండా ఆ అక్షరం పలకదు. ‘న’కు పెదవులతో పని లేదు. ఇది ఆరో తరగతి పిల్లలకు మొదటి వారంలో చెప్పేవాణ్ణి. ‘నీ’కీ ‘మన’కూ ఉన్న తేడా ఒక్కసారి పెదవులు కలవడమే. వాడు ఆ మాట అన్నప్పుడు పెదవులు కలిశాయా లేదా అని నీ ఉత్తరం వచ్చినప్పటి నుంచి గుర్తు చేసుకుంటున్నాను. ఆ రోజు వాడి కళ్లనిండా నీళ్లున్నాయి. నేను నోరు చూశానో, కళ్లు చూశానో నాకే తెలియడం లేదు.

శనివారం రమ్మను. మీ అత్త బతికున్నంత కాలం వాడు ఏ పరీక్షకు పోయినా, ఏ ఊరికి పోయినా, పట్టుగుడ్డలో రూపాయి బిళ్ల చుట్టి కుడి జబ్బకు ఇమామ్ జామిన్ కట్టి పంపేది. క్షేమంగా చేరాక విప్పి, ఆ బిళ్లను వాడి చేతే పేదవాడికి ఇప్పించేది. ఆవిడ పోయాక ఆ పని ఎవరూ చెయ్యలేదు. పక్కింటి ప్రమీలమ్మను అడిగి పచ్చ పట్టుగుడ్డ ముక్క తీసుకున్నాను. బిళ్ల చుట్టి సూదితో కుట్టాను. కుట్టు వంకరగా వచ్చింది, నవ్వుకోవద్దని చెప్పు.

నేనే బస్టాండు దాకా ఎదురు పోవచ్చు. పోను. రెండేళ్లు రాని కొడుకు నా గుమ్మం దాకా వచ్చి, బెల్లు నొక్కి, నిలబడాలి. ఆ మాత్రం పంతం ముసలివాడికి ఉండనీ. వాడు పెట్టిన బెల్లే. బయట నొక్కితే నా కుర్చీ ఎదురుగా గోడ మీద ఎర్ర బల్బు వెలుగుతుంది. తలుపు బాదినా, కేకలు వేసినా నాకు తెలియదు. మర్చిపోయి ఉంటాడేమో, బెల్లు నొక్కమని మరీ మరీ చెప్పు. పొద్దున్నుంచీ ఆ కుర్చీలోనే ఉంటాను.

ముగ్గురికీ అన్నం వండిస్తాను. సునీల్‌కు వంకాయ ఇష్టమని గుర్తుంది.

మామ,
కమాల్ బాషా.


పులివెందుల,
7 డిసెంబర్ 2024, సాయంత్రం నాలుగు గంటలు.

రుక్సానా,

నీ భర్త రాలేదు.

పొద్దున ఏడు గంటలకు స్నానం చేసి, ఇస్త్రీ చొక్కా వేసుకుని కుర్చీలో కూర్చున్నాను. మూడు గంటల దాకా బల్బు వైపే చూస్తున్నాను. వెలగలేదు. మధ్యలో ఒక్కసారి కూడా లేవలేదు. ప్రమీలమ్మ పెరటి తలుపు తోసుకుని వచ్చి, మిక్సీ ఆడడం లేదు, పచ్చడి నూరుకుంటానని రోలు అడిగింది. కూర్చున్న చోటి నుంచే చేత్తో చూపించాను. మూడు దాటాక వీధిలోకి పోయి నిలబడితే, సైకిళ్లవాళ్లు మధ్యాహ్నమే పేర్లు రాయించుకుని తొండూరు వైపు పోయారని టీ అంగడివాడు సైగ చేసి చెప్పాడు.

అంటే నా వీధి చివరి దాకా వచ్చి, నా ఇంటికి రాకుండా పోయాడు. బాగుంది. పిలిస్తే యాడికైనా పోతానన్నాడని రాశావు. ఎవరిని నమ్మించడానికి రాశావు? వండిన అన్నం ప్రమీలమ్మ ఇంటికి పంపాను. ఇమామ్ జామిన్ అలమారలో పెట్టాను. ఇక ఈ విషయం నాకు రాయకు. అల్ఫియా ఆరోగ్యం రాస్తే చాలు.

కమాల్ బాషా.


ప్రొద్దుటూరు,
12 జనవరి 2025.

మామకు,

మీ కోపం ఉత్తరం ఆయన్ని మట్టి చేసిన నాలుగో రోజున నా చేతికి వచ్చింది.

మీరు దాన్ని రాస్తున్నప్పటికి ఆయన ప్రాణం పోయి గంటన్నర. మీరు దాన్ని పోస్టు డబ్బాలో వేసి ఇంటికి తిరిగి వచ్చేసరికి, ప్రమీలమ్మ గారి ఫోనుకు మా వాళ్లు కబురు చేశారు. అదంతా మీకు తెలుసు. మీరు వచ్చారు, ఖబరస్తాన్ దాకా నడిచారు, చీకటి పడకముందే పోయారు. లోపల ఉన్న నా దగ్గరికి రాలేదు. నేనూ కబురు పెట్టలేదు. భర్త పోయినవాళ్లు పాటించే ఇద్దత్ గడిచే దాకా, ఏప్రిల్ సగం దాకా, నేను ఈ గడప దాటను. కాబట్టి ఉత్తరంలోనే అడుగుతున్నాను.

ఆయన మీ గుమ్మానికి వచ్చాడు మామా. పన్నెండున్నరకు. సునీల్, ఫయాజ్ గేటు దగ్గర సైకిళ్లు పట్టుకుని నిలబడి ఉన్నారు. ఆయన బెల్లు నొక్కాడు. ఒకసారి కాదు, నాలుగుసార్లు. పావుగంట నిలబడ్డాడు. వచ్చే ముందు వీధి కుళాయి దగ్గర ముఖం కడుక్కుని, జేబులోంచి దువ్వెన తీసి తల దువ్వుకున్నాడట. మీరు తలుపు తియ్యలేదు. “పాండి, పోదాం” అని మాత్రం అన్నాడట.

కుర్చీలోంచి లేవలేదని మీరే రాశారు. బల్బు వెలగలేదనీ రాశారు. ఆ బల్బు ఆయన చేత్తో పెట్టింది, పదేళ్లలో ఒక్కసారీ చెడిపోలేదు. పంతం అన్నారు కదా, ఎంత పంతం మామా?

తొండూరు దాటాక కాదు, తొండూరుకు మీ ఊరి వైపున జరిగింది. అరటి గెలల లారీ గుద్దింది. ఆయన సైకిలు పులివెందుల వైపు తిరిగి ఉందని డ్రైవరు చెప్పాడు, పోలీసులూ రాసుకున్నారు. ముందుకు పోవాల్సిన మనిషి ఎందుకు వెనక్కి తిరిగాడు? నీళ్ల సీసా మర్చిపోయి వెనక్కి పోయాడని సునీల్ చెబుతాడు. నీళ్ల సీసా సైకిలుకే ఉంది, నేను చూశాను. నాకు తెలిసింది ఒకటే. మనసు విరిగి, దారి తెలియక, కళ్ల నిండా నీళ్లతో పోయాడు.

నేను చెప్పబట్టే మీ గుమ్మానికి వచ్చాడు. పిలిచిన వాళ్లు తలుపు తీస్తారని నమ్మాను.

అల్ఫియా ఆరోగ్యం రాస్తే చాలన్నారు. డిసెంబర్‌లోనూ, జనవరిలోనూ రక్తం ఎక్కింది. రూతమ్మ గారు తీసుకుపోయి తీసుకొస్తున్నారు.

రుక్సానా.


పులివెందుల,
18 జనవరి 2025.

అమ్మా,

ఈసారి తప్పులు చూడలేదు.

వాడు వచ్చాడని నాకు తెలియదు. నీ ఉత్తరం చదివే దాకా తెలియదు. రాలేదన్న కోపంతోనే వాణ్ణి మట్టి చెయ్యడానికి వచ్చాను. ఆ కోపం ముఖం మీద కనిపిస్తుందేమోనని భయపడి నీ దగ్గరికి రాలేదు. నా కొడుకు శవం ముందు నేను వాడి మీద కోపంగా నిలబడి ఉన్నాను. ఇది రాయడానికి నాకు మూడు రోజులు పట్టింది.

బల్బు వెలగలేదమ్మా. ఖురాన్ మీద చెయ్యి పెట్టి చెబుతాను. నీ ఉత్తరం చదవగానే ప్రమీలమ్మను బయటికి పంపి బెల్లు నొక్కమన్నాను. వెలిగింది. మళ్లీ నొక్కమన్నాను. వెలిగింది. ఆవిడ నొక్కుతూనే ఉంది, అది వెలుగుతూనే ఉంది. చివరికి ఆవిడే లోపలికొచ్చి నన్ను కూర్చోబెట్టింది. మరి ఆ రోజు ఎందుకు వెలగలేదు? కునుకు పట్టిందా? పట్టలేదని నాకు తెలుసు. డెబ్భై ఏళ్లవాడి జ్ఞాపకం సాక్ష్యానికి పనికి రాదనీ తెలుసు.

నాన్న తలుపు తియ్యలేదనుకుని పోయాడు. ఈ ఒక్క వాక్యంతో నేను ఎన్నాళ్లు బతకాలో తెలియదు. నువ్వన్నది నిజమే. నేను బస్టాండుకు ఎదురు పోయి ఉంటే ఏ బల్బుతోనూ పని లేకపోయేది.

ఇమామ్ జామిన్ అలమారలోనే ఉంది. కట్టనిది, విప్పనిది. దాన్ని ఏం చెయ్యాలో నాకు తెలియదు.

కమాల్ బాషా.


పులివెందుల,
15 ఫిబ్రవరి 2025.

అమ్మా రుక్సానా,

నువ్వు జవాబు రాయలేదు. రాయాలని అడగను. ఒక సంగతి తెలిసింది, చెప్పకుండా ఉండలేక రాస్తున్నాను.

నిన్న ప్రమీలమ్మ మళ్లీ రోలుకు వచ్చింది. మిక్సీ ఇంకా బాగుచేయించలేదా అని అడిగాను. ఆవిడ వింతగా చూసి, మిక్సీ ఎప్పుడూ చెడిపోలేదు, కరెంటు లేనప్పుడే రోలుకొస్తానంది. డిసెంబర్‌లో, ఆ శనివారం? పలక ఇచ్చి రాసి చూపించమన్నాను. ఆ రోజు పొద్దున ఎనిమిది నుంచి సాయంత్రం నాలుగు దాకా లైన్ల మార్పని కరెంటు తీసేశారట. చలికాలం, ఫ్యాను వెయ్యలేదు. పగలు, లైటు వెయ్యలేదు. రేడియో, టీవీ నాకు లేవు. కరెంటు పోతే నాకు తెలిసే దారే లేదు. లేని కరెంటు ముందు కూర్చుని బల్బు వెలగలేదని కొడుకు మీద ఉత్తరం రాశాను.

వాడు నొక్కింది నిజం. నేను చూస్తూ కూర్చున్నదీ నిజం. మా మధ్య ఒక తలుపు, ఆ తలుపుకు గడియ కూడా పెట్టలేదు, దగ్గరగా వేసి ఉంది. తోసి ఉంటే తెరుచుకునేది. తొక్కొద్దన్న గుమ్మం కనుక తొయ్యలేదు.

నేను నిర్దోషినని చెప్పడానికి ఇది రాయలేదు. వాడికి ఇది తెలియకుండానే పోయాడే అని ఏడుపు వస్తుంది. ఆ మాట నీకు తప్ప ఎవరికీ రాయలేను.

కమాల్ బాషా.


ప్రొద్దుటూరు,
22 మార్చి 2025.

మామకు, రుక్సానా సలాములు.

నేను రాసిన మాటలకు ఏ ముఖంతో క్షమాపణ అడగాలో తెలియడం లేదు. మీ ఉత్తరం వచ్చి నెల దాటింది. ముందు వారం రోజులు ఏడ్చాను. ఆ తర్వాత సునీల్‌ను పిలిపించి, పరదా ఇవతల నుంచే మీ ఉత్తరం అందించి చదవమన్నాను. చదివి ఆ మనిషి వాకిట్లో కూర్చుండిపోయాడు. చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. అప్పుడు చెప్పాడు. చెప్పాక మీకు రాయాలా వద్దా అని ఇన్నాళ్లు ఆలోచించాను. రంజాన్ నెల, ఉపవాసం ఉండి నిజం దాచుకుంటే అరగదనిపించింది. మీరు కూర్చుని చదవండి. ప్రమీలమ్మ గారిని పక్కన ఉండమనండి.

తొండూరులో మస్తానమ్మ అనే ఆమె టీ అంగడి దగ్గర ముగ్గురూ ఆగారట. ఫయాజ్ చల్లని సోడా అడిగాడు. ఆమె నవ్వి, పొద్దున్నుంచి కరెంటు లేదు, పులివెందుల నుంచి ఈడి దాకా లైన్లు మారుస్తాండారు, చల్లంగా యాడిది అందట. ఆయన చేతిలో టీ గ్లాసు ఉంది. బల్ల మీద పెట్టేసి లేచాడట.

“ఒరే సునీలూ, కరెంటే లేకుంటే మా నాయనకు బల్బు యట్ల ఎలుగుతాదిరా? నేను ఎలట్రీసనును, నాకు తట్టలా. ఆయప్ప ఆ కుర్చీలో కూచోని చూస్తానే ఉంటాడు. మీరు ఈడనే ఉండండి, నేను పోయి కట్టించుకోనొస్తా” అన్నాడట.

కట్టించుకుని వస్తానన్నాడు మామా. ఇమామ్ జామిన్ మాటే అది. నవ్వుతూ అన్నాడట. సునీల్ తనూ వస్తానంటే వద్దన్నాడు. ఇది నాకూ మా నాయనకూ సంగతి, గంటలో వస్తానని సైకిలు తిప్పుకుని, సీటు మీద లేచి నిలబడి తొక్కుతూ పోయాడట. ఆయన అంత వేగంగా తొక్కడం ఆ నాలుగు రోజుల్లో చూడలేదన్నాడు సునీల్. రెండు కిలోమీటర్లు పోలేదు.

ఒంటరిగా పంపానని సునీల్‌కు బాధ. మీ కోసం వెనక్కి తిరిగాడని తెలిస్తే మీరు బతకరని భయం. అందుకే నీళ్ల సీసా అబద్ధం అల్లాడు. మూడు నెలలు ఆ అబద్ధాన్ని మోసి సగమైపోయాడు.

కళ్ల నిండా నీళ్లతో పోయాడని నేను రాశాను. కాదు, నవ్వుతూ పోయాడు. మీరు తలుపు తియ్యలేదనుకుంటూ పోలేదు. మీరు కుర్చీలో ఉన్నారని తెలిసి, మీ దగ్గరికే వస్తూ పోయాడు. ఈ మాట మీకు ఊరటో శిక్షో నాకు తెలియదు. నాకైతే రెండూ అయింది.

ఒకప్పుడు మీరు గడప తొక్కొద్దన్నారు, నిజమే. కానీ మీరు పిలిచారని చెప్పి ఆయన్ని మీ గుమ్మానికి పంపింది నేను. పంపకపోయి ఉంటే ఆయన ముందుకే పోయేవాడు. ఎంత తిప్పి చూసినా అక్కడికే వస్తున్నాను. నా వల్లనే మామా.

పుస్తకంలో నాలుగు రోజుల్లో మూడు వందల పదకొండు పేర్లు ఉన్నాయి. మొన్న అల్ఫియాకు ఎక్కింది వీరపునాయునిపల్లె రైతు రక్తం. ఫోను చెయ్యగానే చేలో నీళ్లు కట్టి బస్సెక్కి వచ్చాడట. బిడ్డ పెదవులకు రంగొచ్చింది. ఆగిన దారిని ఇద్దత్ అయిపోయాక పూర్తి చేస్తామని సునీల్, ఫయాజ్ అంటున్నారు. పోలీసు స్టేషను నుంచి ఆయన సైకిలు విడిపించుకొచ్చారు. వంగిన చక్రం మార్చి, దాన్ని సునీలే తొక్కుతాడట. తొండూరు నుంచి మొదలుపెట్టి జమ్మలమడుగు మీదుగా ఇంటికి రావాలని వాళ్ల లెక్క. మీరేమంటారో రాయండి.

తప్పులు దిద్దండి మామా. మీరు దిద్దని ఉత్తరం నాకు అందనట్టే ఉంటుంది.

రుక్సానా.


పులివెందుల,
5 ఏప్రిల్ 2025.

అమ్మా రుక్సానా,

రంజాన్ పండగ పూట నీ ఉత్తరం చేతికొచ్చింది. ప్రమీలమ్మను పక్కన కూర్చోబెట్టుకునే చదివాను. ఆవిడ కూడా చదివింది. ఇద్దరికీ ఆ రోజు వంట లేదు.

రెండు రోజులు వాడు వెనక్కి తిరగకుండా ఉంటే బాగుండేదని ఏడ్చాను. మూడో రోజు, వాడు తిరిగాడు కదా అని ఏడ్చాను. ఈ రెండో ఏడుపు వేరుగా ఉందమ్మా. దీని తర్వాత అన్నం తినగలిగాను. సునీల్ మీద నాకు కోపం లేదని చెప్పు. నా కోసం అబద్ధం మోసినవాడు. వాడి తల్లి చెయ్యి పట్టుకుని ఆసుపత్రికి పోయొస్తున్న నా మనవరాలిని తలుచుకుంటే వాడి ఇంటికి నేనే బాకీ.

వాళ్ల లెక్కలో ఒక పొరపాటుంది. తొండూరు నుంచి ముందుకు పోతే ఎలా? లారీ గుద్దిన చోటి నుంచి నా గుమ్మం దాకా ఉన్న దారిని వాడు మొదలుపెట్టాడు, పూర్తి చెయ్యలేదు. ఇంకెవరూ పూర్తి చెయ్యలేదు. ముందు ఆ దారి తొక్కాలి. సునీల్‌ను వాడి సైకిలు మీద, ఆ చోటి నుంచి నా గుమ్మం దాకా రమ్మను. వచ్చి బెల్లు నొక్కమను. ఇమామ్ జామిన్ వాడి జబ్బకు కడతాను. రూతమ్మగారికి అభ్యంతరమేమోనని ఆవిడకు వేరే కార్డు రాశాను. మీరు కట్టండి, నేను ప్రార్థన చేస్తానని జవాబు వచ్చింది. అక్కడి నుంచి జమ్మలమడుగు, ప్రొద్దుటూరు పోనీ. ఇల్లు చేరాక విప్పి, ఆ బిళ్లను అల్ఫియా చేత్తో ఎవరికైనా ఇప్పించు. చేరినవాడి బిళ్ల అది.

ఇరవయ్యో తేదీ ఆదివారం. నీ ఇద్దత్ అప్పటికి తీరుతుంది. నువ్వు, అల్ఫియా ముందు రోజే బస్సులో రండి. బల్బుకు బ్యాటరీ పెట్టించాను. కరెంటు ఉన్నా లేకున్నా వెలుగుతుంది. పదేళ్ల కిందటే ఆ పని చేస్తానని వాడన్నాడు, ఖర్చెందుకని నేనే వద్దన్నాను. ఇది కూడా నీకు చెప్పుకోవాలి కదా.

తలుపులు తీసే ఉంచుతాను. అయినా బెల్లు నొక్కే లోపలికి రమ్మను. నేను ఆ కుర్చీలోనే ఉంటాను.

ఇక తప్పుల సంగతి. అడిగావు కనుక ఎర్రసిరా కలం పట్టుకుని రెండుసార్లు చదివాను. ఇంత పొడుగు ఉత్తరంలో ఒక్కటే ఉంది. మూడో పేజీ చివర ‘నా వల్లనే’ అని రాశావు. ‘నా’ కొట్టేసి ‘మన’ అని దిద్దాను. దిద్దేటప్పుడు ఆ మాట పైకి అని చూశాను. పెదవులు కలిశాయి.

నీ మామ,
కమాల్ బాషా.